గంగవాయిలి రసం

14 జూన్ 1999, సోమవారం

బడి తెరిచారు. ఏడో తరగతి సైన్సు ఈసారీ నాకే ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు ధామన్కర్ నాకా దగ్గర సుశీలాబాయి గంపలో ఒక కూర కనిపించింది. ఎర్రటి కాడలు, మందపాటి చిన్న ఆకులు. "ఘోళ్ ఆహే బాయి, ఘే నా, తాజీ ఆహే" అంది మరాఠీలో. ఘోళ్ కూరట, తాజాదట, తీసుకోమంది. ఎలా ఉంటుందో చూద్దామని ఒక కట్ట తెచ్చాను. అత్తమ్మ కట్ట విప్పి, కాడ ఒకటి విరిచి నోట్లో వేసుకుంది.

"ఓ పిల్లా, ఇది గంగవాయిలి గదనే! దీన్ని గూడ కొంటరా ఈడ? మా కోరుట్ల దిక్కు మక్కచేన్ల కలుపు తీసి గట్టు మీద పారేస్తుంటిమి."

"తినేవాళ్లు కాదా?"

"తినకేంది? కడుపు నిండంగ తిని, మిగిలింది పారేస్తుంటిమి."

పప్పులో వేసింది. పుల్లగా, కొంచెం జిగురుగా బాగుంది. ఆయన అన్నం కలుపుకోలేక చెంచా అడిగాడు. మా అమ్మాయి ఫేబీ "నాయినా, తూ సాహెబ్ ఝాలాస్ కా?" అని, దొరవైపోయావా అన్నట్టు నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను చెంచా ఇచ్చాను.

15 జూన్

పొద్దున లేచాక గంటసేపు ఆయన వేళ్లు ముడుచుకోవు. రెండు చేతులూ అంతే. కణుపులు రేగుపండ్లలా ఉబ్బి ఉన్నాయి. కీళ్లవాతం అని డాక్టరమ్మ చెప్పింది. పచ్చటి చిన్న మాత్ర రాసింది. వారానికి ఒక్కసారే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వేసుకుంటాడు, సోమవారమంతా కడుపులో తిప్పుతుందంటాడు. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుందట, మధ్యలో ఆపకూడదట. నాలుగు వారాలైంది. ఏమీ కనిపించలేదు.

ఆయన నడిపేవి సాంచాలు, మరమగ్గాలు. వాటి మీద మనిషికి కళ్లు, వేళ్లు ఉంటే చాలు. తెగిన పోగు అతకలేని చేతిని ఏ సేఠూ ఉంచుకోడు.

16 జూన్

అత్తమ్మ మిగిలిన ఆకును నూరి ఆయన చేతులకు కట్టింది. చిన్నప్పుడు ఎద్దు కాలు వాస్తే వాళ్ల నాయన ఇదే కట్టేవాడట.

"ఎద్దుకు నయమైందా అత్తమ్మా?"

"అయింది."

"ఎన్నాళ్లకు?"

"నాకేం ఎరుక? నేను గడియారం పట్టుకోని ఎద్దు పక్కన కూసున్ననా?"

19 జూన్

మందుల షాపులో ఒక టానిక్ డబ్బా మీద యాంటీ ఆక్సిడెంట్ అని పెద్ద అక్షరాలు. ఏమిటని అడిగాను. షాపతను "అందర్ జంగ్ నహీ లగ్‌తా, టీచర్. మషీన్‌కు ఆయిల్ లెక్క" అన్నాడు. ఆకుకూరల్లో కూడా ఉంటుందా అంటే ఉంటుందన్నాడు. ఏ ఆకుకూరలో అంటే వెనక నిలబడ్డవాళ్ల వైపు చూశాడు.

ఒంట్లో తుప్పు పట్టడం అంటే ఏమిటి? వాపుకూ దానికీ ఏమిటి సంబంధం? బడిలో ఉన్న పుస్తకాలు వెతికాను. ఇనుము తుప్పు దగ్గరే ఆగిపోయాయి.

20 జూన్, ఆదివారం

వంకాయ ఒకటి రెండు చెక్కలు చేశాను. ఒక చెక్క మీద గంగవాయిలి రసం పోశాను, రెండోదాని మీద ఉత్త నీళ్లు. నీళ్ల చెక్క కాసేపటికే గోధుమరంగుకు తిరిగింది. రసం చెక్క తెల్లగా ఉంది. గాలి తగిలితే రంగు మారేదాన్ని ఆకు రసం ఆపింది! అత్తమ్మను పిలిచి చూపించాను.

"ఉప్పునీళ్లల్ల ఏసినా నల్లవడది. దినాం నేను చేస్తున్న పనే గది. ఉప్పునీళ్లు తాగుతడా మరి నా కొడుకు?"

నిజమే. ఉప్పునీళ్లతో కూడా చేసి చూశాను. అదీ తెల్లగానే ఉంది. చింతపండు నీళ్లదీ తెల్లగానే ఉంది. కనక వంకాయ సాక్ష్యం చాలదు. అయినా ఆ తెల్లటి చెక్కను చాలాసేపు చూశాను.

ఆయన మాత్ర వేసుకున్నాడు.

26 జూన్

ఒక వింత. పొద్దున్నే కోసిన గంగవాయిలి పుల్లగా ఉంటుంది, సాయంత్రం కోసినది చప్పగా ఉంటుంది. బియ్యం కడిగే చోట, తూము పక్కన అత్తమ్మ నాలుగు కాడలు గుచ్చింది, అవి పాకాయి. అందుకే తెలిసింది. నా నాలుకను నమ్మలేక రెండు రసాల్లోనూ చిటికెడు తినే సోడా వేశాను. పొద్దుటిది బుసబుస పొంగింది. సాయంత్రంది కొంచెమే. రాత్రిపూట ఆకు తన లోపల పులుపు దాచుకుంటోందన్నమాట. పగలు దాన్ని ఏం చేస్తోంది?

హెడ్మాస్టరు గారిని అడిగాను. సిలబస్‌లో లేదన్నారు.

కనక తాగేదేదో పొద్దుటి రసమే తాగాలి. నూరి, గుడ్డలో పిండి, సీసాలో పోశాను. ఆయన ఒక గుక్క తాగి "పప్పులనే మంచిగుండె గద రూతూ" అన్నాడు. పూర్తిగా తాగాడు. రుచి చూడాలని నేనూ తాగుతున్నాను.

4 జూలై, ఆదివారం

తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది? "ఎట్లుంది?" అంటే "మంచిగున్నది" అంటాడు. అది జవాబు కాదు. కొలవాలి.

సాంచాల ఇళ్లలో టేపు ఉండదు. ఫేబీ ఎత్తయినా, కిటికీ తెర అయినా, బల్ల పొడవైనా పోగుతోనే కొలుస్తాం. ఆయన జేబులో ఎప్పుడూ దారపు కండె నుంచి వచ్చిన పోగు చుట్ట ఉంటుంది. ఈ నెల వాళ్ల కార్ఖానాలో రేయాన్ నడుస్తోంది. మెరుస్తూ ముద్దుగా ఉంది. రెండు పేటలు చేసి కుడిచేయి నడిమి వేలికి ఉంగరంలా ముడి వేశాను, సరిగ్గా కణుపు దగ్గర ఆగిపోయేట్టు. అది కణుపు దాటిన రోజున వాపు తగ్గినట్టు.

ఒక్కటే చూస్తే లాభం లేదు, పోలిక ఉండాలి. పిల్లలకు నేను చెప్పేదే. అందుకని నా వేలికీ అదే పోగుతో ఒకటి కట్టాను. రెండూ తీసి గోడ మేకుకు తగిలించాను, ఇక ప్రతి ఆదివారం తొడిగి చూడాలి. మిగిలిన ముక్కతో రసం సీసా మూతి మీద గుడ్డ కట్టేశాను. ముడి విప్పే పని లేకుండా పైకి లాగి తీసి, మళ్లీ తొడిగేట్టు.

ఈ రోజు మాత్ర వేసుకోలేదు. తనే మానేస్తానన్నాడు. రెండూ కలిపి వాడితే ఏది పనిచేసిందో తెలియదు కదా అని నేను ఊరికే అన్నాను. అంతే.

11 జూలై, ఆదివారం

ఉంగరం కణుపు దగ్గరే ఆగింది. వాన ఆగడం లేదు. గోడలు చెమ్మెక్కాయి. మేకుకు తగిలించిన ఉంగరాలు కూడా తడితడిగా ఉన్నాయి.

సోమవారం కడుపులో తిప్పడం లేదని సంతోషంగా ఉన్నాడు.

18 జూలై, ఆదివారం

బలంగా లాగితే కొంచెం పైకి ఎక్కింది. ముఖం చిట్లించాడు. "నొప్పా?" అన్నాను. "లేదు లేదు, నువ్వు గుంజు" అన్నాడు.

25 జూలై, ఆదివారం

దాటింది!

రెండుసార్లు చేశాను. రెండుసార్లూ దాటింది. "అత్తమ్మా, చూడు" అని అరిచాను. అత్తమ్మ ఆయన వేలును పట్టుకుని అటూ ఇటూ తిప్పి "నా కండ్లకైతే గట్లనే ఉన్నది" అంది. అత్తమ్మకు శుక్లాలున్నాయి.

ఆయన నా ముఖం చూసి నవ్వుతూ కూర్చున్నాడు.

29 జూలై

బుచ్చిరాములు వచ్చాడు. ఆయన పక్క సాంచాల మనిషి, సిరిసిల్ల వైపువాడు. మోకాలు నొప్పికి రసం కావాలన్నాడు.

"మా అన్న కార్ఖాన అంత చెప్పిండు వదినా. నా మోకాలుకు గూడ ఉంగరం చేస్తవా?"

"మోకాలుకు వడ్డాణం కావాలి గాని ఉంగరం ఎక్కడ సరిపోతుంది?" అన్నాను. అందరం నవ్వాం. గ్లాసు నిండా పోశాను. అతడు తాగుతూ ఆయన వైపు ఒకసారి చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

1 ఆగస్టు, ఆదివారం

ఆయన ఉంగరం సులువుగా దాటుతోంది. నాది కూడా వదులైంది. ఆలోచిస్తే నేనూ రసం తాగుతున్నాను కదా. నాకు తెలియకుండానే నాకూ కొంచెం వాపు ఉండేదేమో. పిండి పిసకడం, బట్టలు పిండడం, చాక్‌పీసు పట్టడం. ఉండే ఉంటుంది.

ఈ మధ్య ఆయన చొక్కా వేసుకోకుండా బనియన్‌తోనే పనికి పోతున్నాడు. ఉక్కగా ఉందట.

8 ఆగస్టు, ఆదివారం

రెండూ వదులు.

15 ఆగస్టు, ఆదివారం

బడిలో జెండా ఎగరేశాం. పొద్దున ఫేబీ కాగితం జెండా తెచ్చి గౌనుకు పిన్ను పెట్టమని వాళ్ల నాన్నను అడిగింది. పిన్ను ఎక్కడ పడిందో కనబడలేదన్నాడు. అత్తమ్మ చాప మీదినుంచి తీసి పెట్టింది. ఆయన ముందే ఉంది.

17 ఆగస్టు, మంగళవారం

ఈ రోజు బడికి పోలేదు.

పొద్దున రసం నూరి సీసాలో పోసి, మూతి మీద గుడ్డ కప్పి, పోగు తొడిగాను. పోగు జారి సీసా భుజాల మీద పడింది. మళ్లీ తొడిగాను. మళ్లీ జారింది. ముడి చూశాను. నేను వేసిన ముడే, బిగుతుగానే ఉంది. మొదటిరోజు ఎంత బలంగా లాగితే మూతి దిగిందో నాకు గుర్తుంది.

సీసా నిండా రోజూ గంగవాయిలి రసమే. అయినా సీసా మెడ సన్నబడదు కదా.

ఆయన చొక్కా జేబులో ఉన్న కొత్త పోగుతో నా వేలికి మళ్లీ కట్టి, మేకుకున్న పాతదాని పక్కన పెట్టాను. పాతది పొడుగు. వానల్లో తడిసి, రోజూ లాగి లాగి పోగు సాగింది. ఇరవై ఏళ్లుగా రేయాన్ గుడ్డ తడిలో సాగడం చూస్తున్న ఇల్లు మాది. కిందటేడు తెర కూడా అలాగే నేలకు దిగితే నేనే మడిచి కుట్టాను.

అత్తమ్మ వచ్చి "బడికి పోలేదేంది?" అంది. తలనొప్పి అన్నాను.

సాగిందే. కాని కొంతైనా తగ్గి ఉండవచ్చు. ఆయన మంచిగున్నది అంటున్నాడు కదా.

18 ఆగస్టు, బుధవారం

బడి వదిలాక కనేరిలో వాళ్ల కార్ఖానాకు వెళ్లాను. నేను అక్కడికి పోయి ఏడాది దాటింది. ఆ మోతలో నేను వచ్చింది ఎవరూ వినలేదు. గుమ్మం పక్కన నిలబడి చూశాను.

ఆయన సాంచాలలో ఒకదాని పోగు తెగింది. ఆయన సాంచా ఆపి చేయి ఎత్తాడు. బుచ్చిరాములు తన సాంచాల దగ్గరినుంచి వచ్చి పోగు అతికి వెళ్లాడు. మాటలేమీ లేవు, రోజూ జరిగే పనిలా ఉంది. మళ్లీ ఇంకోటి తెగింది. మళ్లీ చేయి ఎత్తాడు. అప్పుడు నన్ను చూశాడు. చేయి అలాగే ఉండిపోయింది.

బయటికి వచ్చాం. వెనకే బుచ్చిరాములు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

బుచ్చిరాములే అన్నాడు: "వదినా, అన్నను ఏమనకు. నా సాంచాలకు నాడె అన్న ఎక్కిస్తడు, అన్న పోగులు నేను అతుకుత. సమం సమం."

"కండె పెట్టి నాడె ఎక్కించే చిన్న పనికి నీకు ఈయన కావాలా?"

"అక్కర లేదు. కాని గట్లనే చెప్పుకుంటున్నం."

"నాతోని మంచిగున్నది అన్నవ్ గదా ప్రతి ఆదివారం," అని ఆయనను అడిగాను.

"ఉంగరం దాటంగనే నువ్వు గంతులేస్తివి రూతూ. ఫేబీ పుట్టినప్పుడు గూడ గంత నవ్వలే నువ్వు. ఎట్ల చెప్పుమంటవ్? దారం దాటవట్టె. నేనే తప్పేమో అనుకున్న, నొప్పి నా మనుసుల ఉన్నదేమో అనుకున్న."

పోగు సాగిందని చెప్పాను. ఆయన, బుచ్చిరాములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బుచ్చిరాములుకు నవ్వు వచ్చి తల తిప్పుకున్నాడు. తరవాత ఆయనకు కూడా వచ్చింది. "రేయాన్ తోని కొలిచినమా వానకాలంల? థూ! ముగ్గురం సాంచాల పుటకే పుట్టినం," అన్నాడు ఆయన.

నాకు నవ్వు రాలేదు.

ఇంట్లో అత్తమ్మకు చెప్పాను. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలి, ఈయన అనవసరంగా మానేశాడు అన్నాను.

"ఆడు మానేసిండా? నువ్వే గదనే ఆపుమన్నవ్. నేను పొయ్యి కాడనే ఉన్న. ఒక్క నెల ఆపు, గప్పుడు తెలుస్తది అన్నవ్."

అత్తమ్మకు చూపు తగ్గింది గాని చెవులు బాగానే పనిచేస్తాయి.

19 ఆగస్టు

ఆసుపత్రి. డాక్టరమ్మ రెండు చేతులూ నొక్కి నొక్కి చూసింది. మాత్ర ఎందుకు మానేశారని హిందీలో అడిగింది. ఆయన కడుపులో తిప్పుతోందన్నాడు. నేను గంగవాయిలి రసం సంగతి, వంకాయ సంగతి, పోగు సంగతి అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. పెన్ను పక్కన పెట్టి విన్నది.

"ఘోళ్ భాజీ మా అమ్మ కూడా వండుతుంది," అంది. "దాంట్లో వాపు తగ్గించే గుణం లేదని నేను అనను. ఉండొచ్చు. తుప్పు ఆపే గుణం కూడా ఉండొచ్చు. ఎంత తాగితే ఎంత తగ్గుతుందో నాకైతే ఎవరూ కొలిచి చూపించలేదు. ఈ మాత్రను కొలిచారు. కూరలా తినండి. మందు బదులుగా కాదు."

పొద్దుటి ఆకు ఎందుకు పులుపో తెలుసా అని అడిగాను. తెలియదంది. ఆయన నా మోచేతిని పొడిచాడు.

కుడిచేయి చిటికెన వేలు వంగింది. దాన్ని ఇక పూర్తిగా చాచడానికి రాకపోవచ్చునట. మాత్ర ఆపకపోయి ఉంటే వంగేది కాదా అని అడగాలనుకున్నాను. అడగలేదు.

22 ఆగస్టు, ఆదివారం

మాత్ర. దాంతో పాటు కడుపుకు ఇంకొకటి రాసింది.

29 ఆగస్టు, ఆదివారం

మాత్ర.

5 సెప్టెంబరు, ఆదివారం

మాత్ర. బడిలో పిల్లలు పూలిచ్చారు.

12 సెప్టెంబరు, ఆదివారం

మాత్ర. రక్తం పరీక్షకు ఇచ్చి వచ్చాం.

సోమవారాలు ఆయన తిండి తినడు. బుచ్చిరాములు ఇంకా పోగులు అతుకుతున్నాడు. సేఠ్‌కు తెలుసని, చూడనట్టు ఉంటున్నాడని ఆయన అంటాడు. దీపావళి మాలు పోయేదాకా చూడనట్టే ఉంటాడేమో. ఆ తరవాత?

తూము పక్కన గంగవాయిలికి చిన్న పసుపు పూలు వచ్చాయి. ఎండ పడితే విచ్చుకుంటాయి, మబ్బు పడితే ముడుచుకుంటాయి. ఎన్ని ప్రశ్నలున్నాయో దీని దగ్గర!

అత్తమ్మ దాన్ని పప్పులో వేస్తూనే ఉంది. రసం తీయడం మానేశాను అని రాయబోయాను. మానలేదు. ఆయన అడుగుతాడు, ఒక గ్లాసు ఇస్తాను.

3 అక్టోబరు, ఆదివారం

మాత్ర. కార్ఖానా నుంచి ఆయన బోల్టుల కింద వేసే ఇనుప వైసర్లు తెచ్చాడు, రకరకాల సైజులు. "ఇవి సాగయి" అని నా ముందు పోశాడు. నడిమి వేలికి ఏది కణుపు దగ్గర ఆగుతుందో చూసి తీగకు గుచ్చి పెట్టాను.

24 అక్టోబరు, ఆదివారం

మాత్ర. నడిమి వేలికి అంతకన్నా చిన్న వైసర్ దిగింది.

గంతులు వేయలేదు. అత్తమ్మ చేత కూడా తొడిగించాను. ఫేబీ చేత కూడా. దిగింది.

14 నవంబరు, ఆదివారం

మాత్ర. నిన్న మధ్యాహ్నం నుంచి పోగులు తనే అతుకుతున్నాడట. నెమ్మదిగానే. చిటికెన వేలు వంగే ఉంది. దాన్ని పక్కకు పెట్టి అతకడం అలవాటు చేసుకుంటున్నాడు. "అన్న ముడి ఏస్తుంటే చిటికెన ఏలు చాయ్ కప్పు పట్టుకున్న బాద్‌షా లెక్క నిలవడుతది" అని బుచ్చిరాములు చేసి చూపించాడు. అత్తమ్మ కూడా నవ్వింది. నేను నవ్వాను.

శుక్రవారం డాక్టరమ్మ చూసి "బాగుంది" అంది. ఏం తింటున్నాడని అడిగింది. అన్నీ చెప్పాను. "రెండూ సాగనివ్వండి" అంది.

28 నవంబరు, ఆదివారం

నార్పోలిలో ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చాం. అత్తమ్మ, ఫేబీ వెనక ఆగిపోయారు. ఆయన పచ్చ మాత్ర అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. వేసుకోలేదు.

"రూతూ, ఒక మాట. నాలుగు వారాలు ఇది బంద్ పెడుదమా?"

"ఎందుకు? కడుపుల తిప్పుతున్నదా?"

"కడుపు మంచిగనే ఉన్నది. నీకోసమే అంటున్న. పోయినసారి పోగు మోసం చేసె. ఇప్పుడు వైసర్లున్నయి. మాత్ర బంద్ పెట్టి ఒట్టి గంగవాయిలి తాగుత. వాపు రాకుంటే ఆకు పనిచేసినట్టు, వస్తే మాత్ర పనిచేసినట్టు. సాఫ్‌గ తెలుస్తది."

నేను తీగకు గుచ్చిన వైసర్ల వైపు చూశాను.

"నువ్వు పప్పు తింటున్నప్పుడల్ల ఆ ఆకును ఎట్ల చూస్తవో నాకు ఎరుకే. తెలుసుకో బుద్ధయితలేదా?"

"అయితున్నది."

"మరి?"

ఆ వారం, ఈ వారం, వైసర్లు, ఏ పూట ఆకు, ఎంత రసం, అన్నీ ఒక్క క్షణంలో నా కళ్ల ముందు వరసగా కనిపించాయి. సక్రమంగా చేయగలను. ఈసారి తప్పు రాకుండా చేయగలను. ఆయన ఒప్పుకుంటున్నాడు. నేను అడగలేదు కూడా.

"తొందరగ చెప్పు, చెమటకు కరుగుతున్నది," అన్నాడు.

లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టాను. మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, చూపించమని నేను అడగకముందే నోరు తెరిచి చూపించాడు.